మన ఫోన్లో తెరుచుకోని వెబ్‌సైట్లు ఎవరి కోసం?

"అంతా ఆన్‌లైన్లో పెట్టేశామమ్మా, ఇంట్లో కూర్చుని చేసుకోండి." ఈ మధ్య ఏ ఆఫీసుకు వెళ్ళినా కౌంటరు అవతల నుంచి వినిపించే మాట ఇదే. కులం సర్టిఫికెట్టు, పిల్లల స్కాలర్‌షిప్పు, ఇంటి పన్ను, కరెంటు బిల్లు, కొండమీద దర్శనం టికెట్టు, కాలేజీ సీటు... అన్నీ ఆన్‌లైనే. మంచిదే కదా, ఎండలో క్యూలో నిలబడే బాధ తప్పిందని సంతోషిస్తాం. తీరా ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే ఏమవుతుంది? పేజీ సగం వస్తుంది, సగం రాదు. పుట్టిన తేదీ దగ్గర వేలు పెడితే క్యాలెండర్ రాదు. ఫోటో ఎక్కించమంటుంది, ఎక్కించే బటన్ కదలదు. అన్నీ నింపి చివర్లో ‘సబ్మిట్’ నొక్కితే ఉలుకూ ఉండదు, పలుకూ ఉండదు. డబ్బు కట్టే పేజీలో ఇలా జరిగిందంటే ఇంక ఆ రాత్రి నిద్ర పట్టదు. కట్టినట్టా, కట్టనట్టా?

ఆఫీసుకు ఫోన్ చేస్తే అవతలి గొంతు మర్యాదగానే అడుగుతుంది: "ఏ బ్రౌజర్ వాడుతున్నారు మేడమ్?" మన కుక్కర్ ఏ కంపెనీదో చెప్పగలం, గ్రైండర్ ఏ పండక్కి కొన్నామో చెప్పగలం. బ్రౌజర్ ఏదో మనలో ఎంతమందికి తెలుసు? మనం తడబడుతుండగానే జవాబు వచ్చేస్తుంది: "మీ దాంట్లో రాదండీ. కంప్యూటర్లో, క్రోమ్‌లో చేయాలి. నెట్ సెంటర్‌కు వెళ్ళండి." ఫోన్ పెట్టేస్తారు. మనమేమో ‘నాకు తెలియదు, నా ఫోన్ పనికిరాదు’ అనుకుని సంచీ తీసుకుని బయల్దేరతాం.

ఇక్కడే నాకు అభ్యంతరం. తప్పు మన ఫోనుది కాదు, మనది అంతకన్నా కాదు. ప్రజలందరి కోసం పెట్టిన వెబ్‌సైటు ఒక్క బ్రౌజర్లోనే పనిచేస్తుందంటే అది సగం కట్టి వదిలేసిన ఇల్లు. కట్టకుండా మిగిల్చిన ఆ సగం ఖర్చు ఎక్కడికీ పోదు, ఎవరో ఒకరి నెత్తిన పడుతుంది. మన ఇళ్ళల్లో అది ఎక్కువగా ఆడవాళ్ళ నెత్తినే పడుతోంది.

బ్రౌజర్ అంటే పెద్ద బ్రహ్మపదార్థమేమీ కాదు. ఫోన్లోనో కంప్యూటర్లోనో వెబ్‌సైట్లు చూపించే సాధనం. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారీ, ఎడ్జ్, ఒపెరా ఇలా చాలా ఉన్నాయి. శాంసంగ్ ఫోన్లలో ఆ కంపెనీదే ఇంకొకటి ఉంటుంది. వెబ్‌సైటు మన ఫోనుకు పంపేది వండిన వంట కాదు, వంట ఎలా చేయాలో రాసిన కాగితం. ఆ కాగితం చదివి వండి మన ముందు వడ్డించేది బ్రౌజర్. ‘రాగిపిండి ఇన్ని గ్రాములు, నీళ్ళు ఇన్ని లీటర్లు’ అని అందరికీ తెలిసిన కొలతల్లో రాస్తే ఎవరు కెలికినా సంగటి సంగటిలాగే వస్తుంది. అలాకాక ‘మా ఇంట్లో ఉండే స్టీలు గ్లాసుతో మూడు’ అని రాస్తే? ఆ గ్లాసు ఉన్న ఇంట్లో ముద్ద బ్రహ్మాండంగా కుదురుతుంది. పక్కింట్లో జావ అవుతుంది. అప్పుడు పక్కింటావిడకు వంట రాదనడం న్యాయమేనా?

వెబ్‌కు అందరూ ఒప్పుకున్న కొలతలు ఎప్పటినుంచో ఉన్నాయి. వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బర్నర్స్-లీ 1994లో ‘వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం’ అనే సంస్థను పెట్టింది వాటిని ఖాయం చేయడానికే. ‘ఫలానా బ్రౌజర్లో చూస్తేనే బాగుంటుంది’ అని సైట్ల అడుగున బోర్డులు తగిలించే అలవాటును ఆయన 1990ల్లోనే తప్పుపట్టారు. ఆ అలవాటు మాత్రం మన ఆఫీసుల్లో ముప్పై ఏళ్ళుగా చెక్కుచెదరకుండా ఉంది.

మన తిరుపతి వాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పాల్సిన పని లేదు. కొండెక్కడానికి అలిపిరి దారిలో 3,550 మెట్లు. చంద్రగిరి వైపు నుంచి శ్రీవారి మెట్టు దారిలో 2,388 మెట్లు. నడవలేని వాళ్ళకు 1944లో ఒక ఘాట్ రోడ్డు వేశారు. అది చాలక 1974లో రెండోది వేశారు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు బస్సులో పోతుంది, మొక్కున్న కోడలు మెట్లెక్కి పోతుంది, పైన ఇద్దరూ కలుసుకుంటారు. ‘నువ్వు ఏ దారిన వచ్చావు?’ అని గుడి ముందు నిలదీసి వెనక్కి పంపరు. అదే కొండమీద 300 రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో విడుదలయ్యే రోజు మన ఇళ్ళల్లో ఏం జరుగుతుందో మీకు తెలుసు. ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ముందు పెట్టుకుని, పది గంటల కోసం గడియారం చూస్తూ కూర్చుంటారు. అలాంటి చోట క్షణాలే లెక్క. ఎవరి ఫోన్లో పేజీ చప్పున తెరుచుకుంటే వాళ్ళదే అదృష్టం. ఇది ఒక్క దేవస్థానం సంగతే కాదు. ముందు వచ్చినవారికి ముందు అనే ఏ ఆన్‌లైన్ వరసలోనైనా బటన్ కనిపించని ఫోన్ పట్టుకున్న మనిషి, తాను వరసలోనే లేనని తెలియకుండానే నిలబడి ఉంటుంది.

సరే, మన ఇళ్ళల్లో ఫోన్ల సంగతి చూద్దాం. కొత్త ఫోన్ కొంటే ముందు ఆయనకు, లేకపోతే కాలేజీకి పోయే అబ్బాయికి. వాళ్ళ పాతది కూతురికి. అది కూడా తెర పగిలి, ఛార్జింగ్ నిలవని స్థితికి వచ్చాక అమ్మకు. ‘నాకెందుకులే కొత్తది, మాట్లాడుకోడానికే కదా’ అని మనమే అంటాం. ఆ పాత ఫోన్లో ఉన్న బ్రౌజర్ కూడా పాతదే. కొత్తది వేసుకుందామంటే జాగా ఉండదు. జాగా చేసినా అది ఆ ఫోనుకు రాకపోవచ్చు. 2025 ఆగస్టు నుంచి క్రోమ్ కొత్త వెర్షన్లు ఆండ్రాయిడ్ 10 కంటే పాతవి ఉన్న ఫోన్లకు రావడం ఆగిపోయాయి. ఇక 2017లో వచ్చిన జియో బటన్ ఫోన్ లాంటివైతే ఆండ్రాయిడే కాదు, వాటి బ్రౌజరే వేరు. ‘క్రోమ్ వేసుకోండి’ అని సలహా ఇచ్చేవాళ్ళు ఈ ఫోన్లను ఎప్పుడైనా చేతిలోకి తీసుకుని చూశారా అని నా అనుమానం.

2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు నూటికి 21 మంది. మగవాళ్ళు దాదాపు 49 మంది. ఇన్నేళ్ళలో ఈ లెక్క పెరిగే ఉంటుంది. కానీ ఆలస్యంగా వచ్చినవాళ్ళు, అందులోనూ పాత ఫోన్లతో వచ్చినవాళ్ళు ఎవరో ఆ రెండు అంకెలే చెప్తున్నాయి. భయం భయంగా మొదటిసారి ఒక పేజీ తెరిచిన మనిషికి అది తెల్ల కాగితంలా కనిపిస్తే రెండోసారి తెరుస్తుందా?

మా వీధికి పాలు తెచ్చే ఆమె కూతురి స్కాలర్‌షిప్పు కోసం మూడు రోజులు తిరిగింది. ఇంట్లో ఫోన్లో దరఖాస్తు పేజీ ముందుకు కదల్లేదు. నెట్ సెంటర్‌కు పోతే మొదటి రోజు కరెంటు లేదు. రెండో రోజు సర్వర్ లేదు. మూడో రోజు ఓటీపీ వచ్చే ఫోన్ మొగుడి దగ్గర, ఆయనేమో మదనపల్లె మార్కెట్‌కు టమోటా లోడుతో పోయినాడు.

"ఎంత తీసుకున్నాడు మే?" అని అడిగాను.

"ఫారానికి నూరు, ప్రింటుకు ఇరవై. డబ్బు పోతే పోయిందిలే అక్కా. మూడు తూర్లు పని ఎగ్గొట్టి పోతి కదా, దాన్ని ఎవురిస్తారు? మా పాప ‘ఇంట్లోనే అయితుందిమా’ అనింది. అయితే ఏం, మా ఫోన్లో దానికి కండ్లు కనపడలా!"

ఫోనుకు కళ్ళు కనపడలేదు. ఇంతకంటే బాగా కంప్యూటర్ ఇంజినీర్లు కూడా చెప్పలేరు.

నెట్ సెంటర్ల వాళ్ళను నేను తప్పుపట్టడం లేదు. తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా చదువురాని వాళ్ళకు దరఖాస్తులు నింపిపెట్టి ఎంతో సాయం చేస్తున్న పిల్లలున్నారు. చదువుకుని ఉద్యోగం రాక ఆ షాపు పెట్టుకున్న ఆడపిల్లలూ ఉన్నారు. వెళ్ళాలనుకున్న వాళ్ళు వెళ్ళాలి. వెళ్ళక తప్పని పరిస్థితి వేరు. అక్కడ మనం వదిలి వచ్చేవి ఏమిటో ఒకసారి లెక్క చూసుకోండి. ఆధార్ కాపీ, బ్యాంకు పాస్‌పుస్తకం మొదటి పేజీ, ఆడపిల్ల ఫోటో, సంతకం, ఫోన్ నంబరు. అన్నీ ఆ కంప్యూటర్లో ‘డౌన్‌లోడ్స్’లో పడి ఉంటాయి. మన తర్వాత ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో తెలియదు. పాస్‌వర్డ్ అతనే పెడతాడు, ఒక చీటీ మీద రాసిస్తాడు. ఓటీపీ వచ్చిందా అని అతను అడిగితే మనం గట్టిగా చదివి వినిపిస్తాం. ఒకవైపు బ్యాంకుల వాళ్ళు ‘ఓటీపీ ఎవరికీ చెప్పకండి’ అని రోజూ మెసేజీలు పెడతారు. ఇంకోవైపు ప్రభుత్వ వెబ్‌సైట్లు మన ఫోన్లో తెరుచుకోక, ఓటీపీ మరొకరికి చెప్పక తప్పని చోటికి మనల్ని పంపిస్తాయి. ఏ మాట వినాలి?

ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ సమయంలో ఇది ఇంకా గట్టిగా తగులుతుంది. వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడం అంటే ఆ అమ్మాయి రాబోయే నాలుగేళ్ళు ఎక్కడ చదవాలో నిర్ణయించుకోవడం. మన ఊరి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ముందు పెట్టాలా, ఎస్వీ యూనివర్సిటీ ముందు పెట్టాలా, దూరంగా విశాఖ పెట్టాలా... ఈ వరస ఒక్కటి అటు ఇటు అయితే సీటు మారిపోతుంది. పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వొద్దని, ఎవరి ఆప్షన్లు వాళ్ళే పెట్టుకోవాలని అధికారులు చెప్తూనే ఉంటారు. ఇంట్లో కంప్యూటర్ లేని అమ్మాయి, ఫోన్లో పేజీ సరిగా రాని అమ్మాయి ఆ మాట పాటించేదెట్లా? పక్కన నాన్న, వెనక మామయ్య, కీబోర్డు మీద షాపతను. ఆ పిల్ల తన మనసులో ఉన్న కాలేజీ పేరు ఆ ముగ్గురి మధ్య పైకి చెప్పగలదా? అదే ఫోన్ చేతిలో పట్టుకుని రాత్రి పదింటికి తన గదిలో కూర్చుని పెట్టుకోగలిగితే వేరు. చాలామంది ఇది సాంకేతిక సమస్య అంటారు. నేనైతే ఆడపిల్ల నిర్ణయం ఎవరి చేతిలో ఉండాలన్న సమస్య అంటాను.

ఒక్క బ్రౌజర్‌ను నమ్ముకుని అందరూ మునిగిన కథ ప్రపంచం ఒకసారి చూసేసింది. మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 1995లో వచ్చింది. 2000ల మొదట్లో ప్రపంచంలో నూటికి తొంభై మందికి పైగా దాన్నే వాడేవాళ్ళు. ‘అందరి దగ్గరా ఉంది కదా’ అని వెబ్‌సైట్లు కట్టేవాళ్ళు దాని కొలతలతోనే కట్టేశారు. మన దేశంలో డిజిటల్ సంతకం అవసరమయ్యే చాలా ప్రభుత్వ పోర్టళ్ళు ఏళ్ళ తరబడి దాన్నే అడిగాయి. 2022 జూన్ 15న మైక్రోసాఫ్టే దానికి మంగళం పాడింది. దాన్నే నమ్ముకుని కట్టిన సైట్లు ఎన్ని మిగిలిపోయాయంటే, కొత్త బ్రౌజర్ ఎడ్జ్ లోపల పాతదాని వేషం వేసే ఏర్పాటు ఒకటి పెట్టి, కనీసం 2029 దాకా నడుపుతామని ఆ కంపెనీ మాట ఇవ్వాల్సి వచ్చింది.

మన తెలుగు పత్రికలదీ ఇదే కథ. కంప్యూటర్ భాషలో తెలుగు లిపికి యూనికోడ్ 1991లోనే చోటిచ్చినా, దాన్ని సరిగ్గా చూపించే కంప్యూటర్లు చాలాకాలం రాలేదు. అందుకని 1990ల చివర నెట్‌లోకి వచ్చిన పత్రికలు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటుతో వచ్చాయి. లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాలే, పైన తెలుగు బొమ్మలు అతికించినట్టు. ఆ ఫాంటు దానంతటదే దిగే ఏర్పాటు చాలా సైట్లలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కే ఉండేది. అమెరికాలో ఉన్న కూతురు ఫైర్‌ఫాక్స్‌లో తన ఊరి వార్తలు చూద్దామని తెరిస్తే పిచ్చి గీతలు కనిపించేవి. చివరికి వెన్న నాగార్జున అనే తెలుగు ఇంజినీరు ‘పద్మ’ అని ఒక చిన్న పరికరం తయారుచేసి ఉచితంగా ఇచ్చారు. దాన్ని ఫైర్‌ఫాక్స్‌కు తగిలిస్తే ఆ గీతలు చదవగలిగే తెలుగుగా మారేవి. తెలుగు పత్రికను తెలుగులోకి మార్చుకోవాల్సి రావడం! పత్రికలన్నీ యూనికోడ్‌లోకి వచ్చాకే ఆ తంటా తీరింది. ఇవాళ ఏ ఫోన్లో తెరిచినా తెలుగు వార్త కనిపిస్తోందంటే, గూగుల్లో తెలుగులో వెతికితే దొరుకుతోందంటే, సొంత కొలత వదిలి అందరి కొలతకు వచ్చినందుకే.

ఇంకా తమాషా కథ దక్షిణ కొరియాది. మన అమ్మాయిలు ఇప్పుడు కొరియన్ సీరియళ్ళు తెగ చూస్తున్నారు కాబట్టి చెప్పి తీరాలి. 1990ల చివర అమెరికా ప్రభుత్వం గట్టి రహస్య సంకేతాలున్న బ్రౌజర్లను బయటి దేశాలకు అమ్మనిచ్చేది కాదు. బ్యాంకు లావాదేవీలకు భద్రత ఎలా అని కొరియా వాళ్ళు 1999లో సొంత సంకేతం ఒకటి తయారుచేసుకున్నారు. మంచి ఆలోచనే. కానీ ఏ బ్రౌజర్‌కూ అది తెలియదు కనుక, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌కు మాత్రమే తగిలే ‘యాక్టివ్ ఎక్స్’ అనే అదనపు ముక్కతో నడిపించారు. కొన్నాళ్ళకు దేశమంతా ఆ ఒక్క బ్రౌజర్‌కు కట్టుబడిపోయింది. బ్యాంకు పని, కొనుగోళ్ళు, ప్రభుత్వ పత్రాలు దేనికైనా అదే. 2014లో ‘మై లవ్ ఫ్రమ్ ది స్టార్’ సీరియల్లో హీరోయిన్ తొడుక్కున్న కోటు మీద చైనా అమ్మాయిలు మనసు పారేసుకున్నారు. కొందామని కొరియా వెబ్‌సైట్లు తెరిస్తే, ఆ అదనపు ముక్కలూ సర్టిఫికెట్లూ లేక కొనలేకపోయారు. అధ్యక్షురాలు పార్క్ గున్-హే ఆ సంగతి ఒక సమావేశంలో లేవనెత్తారు. ఒక కోటు అమ్ముకోలేకపోయామన్న బాధ దేశాధ్యక్షురాలి దాకా వెళ్ళింది! అయినా ఆ పాత సర్టిఫికెట్టుకు చట్టం ఇచ్చిన పెద్దపీట తీసేయడానికి 2020 డిసెంబర్ దాకా పట్టింది. మొదట్లో చిన్న పని, తర్వాత ఇరవై ఏళ్ళ తలనొప్పి.

ఇప్పుడు ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పోయి ఆ స్థానంలో క్రోమ్ కూర్చుంది. మంచి బ్రౌజరే, నేనూ వాడతాను. ప్రపంచంలో ముగ్గురిలో ఇద్దరు అదే వాడుతున్నారు. సరిగ్గా అందుకే కట్టేవాళ్ళకు మళ్ళీ బద్ధకం వచ్చింది. ఆఫీసులో తన పెద్ద కంప్యూటర్ మీద, కొత్త క్రోమ్‌లో, ఇంగ్లీషులో ఒకసారి నడిచిందంటే ‘అయిపోయింది’ అనుకుంటున్నారు. తెలుగులో నడిపి చూడటం అసలే లేదు. 2018 ఫిబ్రవరిలో ఏమైందో గుర్తుందా? ‘జ్ఞా’ అనే మన అక్షరం ఒక రకంగా టైపు చేసి పంపితే లక్ష రూపాయల ఐఫోన్లు కుప్పకూలాయి. యాపిల్ ఆ నెలలోనే సరిచేసింది, అది వేరే సంగతి. అంత పెద్ద కంపెనీ కంటే ఒక తెలుగు అక్షరం తప్పించుకుపోయినప్పుడు, మన జిల్లా ఆఫీసుకు సైటు కట్టిచ్చే చిన్న కాంట్రాక్టరు నాలుగు ఫోన్లలో తెలుగు పేజీ తెరిచి చూడాలా వద్దా?

చూడాలని ప్రభుత్వమే చెప్పింది. ప్రభుత్వ వెబ్‌సైట్లు ఎలా ఉండాలో కేంద్రం 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. సైటును వేర్వేరు బ్రౌజర్లలో పరీక్షించాలని, ప్రాంతీయ భాషల అక్షరాలు వాటిలో సరిగ్గా వస్తున్నాయో లేదో చూడాలని వాటిలో ఉంది. 2023లో ఆ మార్గదర్శకాలకు మూడో రూపం కూడా వచ్చింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం కూడా సమాచారం అందరికీ అందే రూపంలో ఉండాలంటోంది. చూపులేని అమ్మాయి స్క్రీన్ చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌ను ఏదో ఒక బ్రౌజర్‌తో జోడించి వాడుకుంటుంది. ఆ జోడీలో సైటు నడవకపోతే ఆమెకు పక్క షాపు కూడా దిక్కు కాదు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, యాసిడ్ దాడి బాధితులు, చూపులేని వారు వేసిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందుకోవడం జీవించే హక్కులో భాగమని చెప్పింది. కళ్ళు ఆర్పితేనే బతికున్నట్టు లెక్క అనే బ్యాంకు పరీక్ష, యాసిడ్ పడి రెప్పలు కాలిపోయిన మనిషిని ఏం చేయాలి? ఒకే పద్ధతి పెట్టడంలో ఉన్న క్రూరత్వం అక్కడ కళ్ళకు కట్టినట్టు కనిపిస్తుంది.

‘అన్ని బ్రౌజర్లలో పరీక్షించాలంటే ఖర్చు కదా’ అంటారు. అందరి కొలతల్లో మొదటి నుంచీ కడితే అదనంగా అయ్యేది కొద్ది రోజుల పని. కట్టేశాక మార్చాలంటేనే ఖర్చు, కొరియాను అడిగితే చెప్తుంది. ‘పాత బ్రౌజర్లకు భద్రత ఉండదు’ అనే మాటలో మాత్రం నిజముంది. మరీ పాతబడిన బ్రౌజర్లో బ్యాంకు లావాదేవీ చేయనివ్వకపోతే అది మన మంచికే. ఏ బ్రౌజర్ అయినా ఎప్పటిదైనా నడవాలని నేననడం లేదు. నడవకపోతే నడవదని మొదటి పేజీలోనే, తెలుగులో, స్పష్టంగా చెప్పాలి. నాలుగు పేజీలు నింపించి, డబ్బు కట్టించి, చివర్లో మూగబోకూడదు. దానికి బదులు దారి ఏదో కూడా అక్కడే చెప్పాలి. సమాచారం చదువుకోవడానికి, ఒక ఫారం నింపడానికి కొత్త బ్రౌజరే ఎందుకు కావాలో మాత్రం నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేకపోయారు.

ఈ ప్రాంతం ఆడవాళ్ళకు యంత్రాలంటే భయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 2002లో హెచ్‌పీ కంపెనీ కుప్పంలో ‘ఐ-కమ్యూనిటీ’ అని ఒక ప్రయోగం మొదలుపెట్టింది. అందులో పొదుపు సంఘాల మహిళలకు డిజిటల్ కెమెరాలు, వెంట తీసుకుపోయే ప్రింటర్లు, వాటికి సౌరశక్తితో నడిచే ఏర్పాటు ఇచ్చారు. ఊళ్ళల్లో గుర్తింపు కార్డులకు, పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసి, అక్కడికక్కడే ప్రింటు తీసి ఇచ్చి డబ్బు సంపాదించారు మన అక్కచెల్లెళ్ళు. చేతిలో పట్టే పరికరాన్ని వాళ్ళ చేతికి ఇచ్చారు, ఎలా పనిచేస్తుందో చూపించారు, అంతే. 2011లో మీసేవ మొదలైనప్పుడు తొలి అడుగులు వేసిన జిల్లాల్లోనూ మన చిత్తూరు ఉంది. కొత్తదానికి వెనకాడిన నేల కాదిది.

ఇప్పుడు ఇంకో ధోరణి మొదలైంది. వెబ్‌సైటే వద్దు, యాప్ దింపుకోండి అంటున్నారు. రాష్ట్ర ప్రభుత్వం 2025 జనవరి 30న ‘మన మిత్ర’ పేరుతో వాట్సాప్‌లో 161 సేవలు మొదలుపెట్టింది. బాగుంది. వాట్సాప్ తెలిసిన అమ్మకు కొత్త పేజీ నేర్చుకునే పని తప్పుతుంది. అయితే వాట్సాప్ ఒక ప్రైవేటు కంపెనీది. పాత ఫోన్లకు దాన్ని ఎప్పటికప్పుడు ఆపేస్తూనే ఉంటారు. దాన్ని మరో దారిగా పెడితే మేలే. అది ఉంది కదా అని వెబ్‌సైటును, సచివాలయం కౌంటరును నిర్లక్ష్యం చేస్తే మాత్రం బ్రౌజర్ పేరు మారిందంతే, కథ మారలేదు.

మరి మనం ఏం చేయాలి? ప్రతి సోమవారం తిరుపతి, చిత్తూరు కలెక్టరేట్లలో అర్జీలు తీసుకుంటారు కదా. భూమి గొడవ మీద ఇస్తాం, పింఛను రాలేదని ఇస్తాం. వెబ్‌సైటు తెరుచుకోలేదని ఎప్పుడైనా ఎవరైనా అర్జీ ఇచ్చారా? ఇవ్వండి. సంఘం సమావేశంలో పదిమంది ఫోన్లు ముందు పెట్టుకుని, స్కాలర్‌షిప్పుదో సర్టిఫికెట్టుదో ఒక సైటు తెరిచి చూడండి. ఎన్నింటిలో తెరుచుకుంది, ఎన్నింటిలో ఎక్కడ ఆగిందో రాసుకోండి. ఫోన్ పేరు, బ్రౌజర్ పేరు, తేదీ, గంట వేయండి. ఆగిపోయిన పేజీని ఫోటో తీసి ప్రింటు జతచేయండి, అందులో మీ ఆధార్ నంబరు కనిపించకుండా చూసుకోండి. కింద పదిమంది సంతకాలు. ఇచ్చాక రసీదు అడిగి తీసుకోండి. ‘ఇక్కడ కాదమ్మా, ఆన్‌లైన్లో పెట్టండి’ అని ఎవరైనా అంటే, మీ ఫోన్ తీసి ఆ పేజీ వాళ్ళనే తెరవమనండి.